కోటిపల్లి రైలు – పోయింది, మళ్ళీ వచ్చింది

గౌతమీ గోదావరి ఒడ్డున కోటిపల్లి అనే ఊరుంది. పాత తూర్పు గోదావరి జిల్లాలోని ఊరు అది. అక్కడ సోమేశ్వరస్వామి గుడి ఉంది. కార్తీక మాసంలోనూ, శివరాత్రికీ జనం వచ్చి గోదావరిలో స్నానం చేస్తారు. రేవులో నిలబడి చూస్తే నది అవతల ముక్తేశ్వరం. ఆ అవతలంతా కోనసీమ. కొబ్బరి తోటలు, వరిచేలు, కాలువలు.

ఈ కోటిపల్లికి ఒక చిన్న రైలుస్టేషను ఉంది. పెద్ద పెద్ద బళ్ళు ఆగే స్టేషను కాదు. కాని దాని కథ మాత్రం పెద్దది. ఈ ఊరికి రైలు ఒకసారి వచ్చింది. తరువాత పట్టాలతో సహా పోయింది. 64 ఏళ్ళకు మళ్ళీ వచ్చింది.

రైలు ఎందుకు వచ్చింది? ఎందుకు పోయింది? మళ్ళీ ఎలా వచ్చింది? చిన్న స్టేషనులో మనకు ఏమేమి ఉంటాయి? వాటిని ఎలా వాడుకోవాలి? తెలుసుకుందాం.

మొదటి రైలు

రైలు రాకముందు గోదావరి జిల్లాల్లో ప్రయాణాలు ఎక్కువగా పడవల మీదే జరిగేవి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాన్ని కట్టించినవాడు కాటన్ దొర. ఆనకట్ట నుంచి కాలువలు తవ్వారు. ఆ కాలువలు చేలకు నీళ్ళిచ్చాయి. పడవలకు దారి కూడా ఇచ్చాయి. ధాన్యం, కొబ్బరి, మనుషులు అన్నీ పడవల మీదే వెళ్ళేవి. పడవ నెమ్మదిగా వెళుతుంది. కాలువ కట్టేస్తే పడవ ఆగిపోతుంది.

1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలుమార్గం వేశారు. దీని పొడవు సుమారు 45 కిలోమీటర్లు. దారిలో రామచంద్రపురం, ద్రాక్షారామం ఉన్నాయి. కాకినాడలో సముద్రపు రేవు ఉంది. కోటిపల్లిలో గోదావరి రేవు ఉంది. ఈ రెండు రేవులనూ రైలు కలిపింది.

కోనసీమ మనిషి పడవలో గోదావరి దాటి కోటిపల్లిలో రైలెక్కొచ్చు. కాకినాడలో దిగొచ్చు. అక్కడి నుంచి సామర్లకోట వెళితే మద్రాసు బండి, వాల్తేరు బండి దొరుకుతాయి. ఒక చిన్న స్టేషను వల్ల ఒక ప్రాంతానికంతా దారి దొరికింది.

పట్టాలు పీకేశారు

ఆ రైలు 12 ఏళ్ళే నడిచింది. 1939లో రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. అప్పుడు మన దేశం ఇంగ్లీషువాళ్ళ పాలనలో ఉంది. మన నాయకులను అడగకుండానే వైస్రాయి భారతదేశం కూడా యుద్ధంలో ఉందని ప్రకటించాడు.

యుద్ధానికి ఇనుము కావాలి. రైలుపట్టాలు కావాలి. దేశంలో అక్కడక్కడ ఉన్న చిన్న రైలుమార్గాలను పీకి, ఆ పట్టాలను యుద్ధం పనులకు పంపారు. అలా పోయిన వాటిలో కోటిపల్లి మార్గం ఒకటి. 1940లో దీని పట్టాలు పీకేశారు.

యుద్ధం 1945లో ముగిసింది. 1947లో స్వాతంత్ర్యం వచ్చింది. కోటిపల్లికి రైలు మాత్రం తిరిగి రాలేదు. పట్టాలున్న కట్ట మిగిలింది. చిన్నప్పుడు రైలెక్కిన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. మనవలు పుట్టారు. ఆ మనవలకు కోటిపల్లి రైలు అంటే అమ్మమ్మ చెప్పే కథ అయిపోయింది.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. ఊరికి వచ్చిన వసతి ఎప్పటికీ ఉంటుందని అనుకోకూడదు. అది పోవచ్చు. పోవడానికి ఒక్క రోజు చాలు. తిరిగి రావడానికి ఒక తరం సరిపోలేదు.

అరవై నాలుగేళ్ళ తరువాత

కోటిపల్లి రైలు మళ్ళీ కావాలని జనం అడుగుతూనే వచ్చారు. కోనసీమకు చెందిన జి.ఎం.సి. బాలయోగి ఈ పని కోసం గట్టిగా పట్టుపట్టాడు. ఆయన 1998లో లోక్‌సభ స్పీకరు అయ్యాడు. ఆ పదవికి ఎన్నికైన మొదటి దళితుడు ఆయనే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదంలో చనిపోయాడు. ఆయన కోరిన రైలును ఆయన చూడలేదు.

2004లో కాకినాడ – కోటిపల్లి మార్గం తిరిగి పూర్తయింది. ఈసారి వేసింది బ్రాడ్‌గేజి పట్టాలు. బ్రాడ్‌గేజి అంటే రెండు పట్టాల మధ్య దూరం అయిదున్నర అడుగులు. దేశంలోని పెద్ద మార్గాలన్నీ ఇదే కొలత.

ఈ దారిలో రైలుబస్సు నడిచింది. అది చూడడానికి బస్సులా ఉంటుంది. ఒకే పెట్టె. డీజిలుతో నడుస్తుంది. నడిచేది మాత్రం పట్టాల మీద. ప్రయాణికులు తక్కువగా ఉండే దారిలో పెద్ద రైలు నడిపితే ఖర్చు ఎక్కువ. అందుకని రైలుబస్సు పెట్టారు. 

2020 మార్చిలో కరోనా జబ్బు వల్ల దేశమంతటా ప్రయాణికుల రైళ్ళు ఆగాయి. కోటిపల్లి రైలుబస్సు కూడా ఆగింది. మిగతా చోట్ల బళ్ళు ఒక్కొక్కటే మొదలయ్యాయి. ఇక్కడ రైలుబస్సు చాలాకాలం తిరిగి రాలేదు. ఈసారి పట్టాలు ఎవరూ పీకలేదు. కాని బండి లేని పట్టాలు ప్రయాణికులకు ఏం పనికొస్తాయి?

కోటిపల్లి దగ్గర ఆగిన పట్టాలను గోదావరి దాటించి అమలాపురం మీదుగా నరసాపురం దాకా తీసుకుపోవాలని 2000-01లో ఇంకో పని మంజూరైంది. ఆ దారి పొడవు 57 కిలోమీటర్లు. దానికి గౌతమి, వైనతేయ, వశిష్ఠ అనే మూడు గోదావరి పాయల మీద మూడు పెద్ద వంతెనలు కావాలి. మంజూరై ఇరవై ఏళ్ళు దాటినా ఆ పని పూర్తి కాలేదు. అది పూర్తయితే కోటిపల్లి చివరి స్టేషనుగా ఉండదు. నడిదారి స్టేషను అవుతుంది.

స్టేషను బోర్డు ఏం చెబుతుంది?

ఇక స్టేషనులోకి వెళదాం. కోటిపల్లి అయినా, మీ ఊరి దగ్గర స్టేషను అయినా చూడవలసినవి ఇవే.

ప్లాట్‌ఫారానికి రెండు చివర్లా పసుపు పచ్చని బోర్డు ఉంటుంది. దాని మీద నల్లని అక్షరాలతో ఊరి పేరు ఉంటుంది. మన రాష్ట్రాల్లో మూడు భాషల్లో రాస్తారు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు. తెలుగు చదవగలిగితే చాలు. బండిలో కిటికీ పక్కన కూర్చుని, ఏ ఊరు వచ్చిందో ఎవరినీ అడగక్కరలేదు.

బోర్డు కింద చిన్న అక్షరాలతో ఒక అంకె కూడా ఉంటుంది. అది సముద్రమట్టం నుంచి ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో చెప్పే అంకె. కోటిపల్లి లాంటి డెల్టా ఊళ్ళలో ఆ అంకె చిన్నదిగా ఉంటుంది. అరకు దగ్గర కొండల్లో శిమిలిగూడ స్టేషను సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రం పక్కనున్న విశాఖపట్నం నుంచి రైలు అంత ఎత్తుకు ఎక్కుతుంది.

ప్రతి స్టేషనుకూ ఇంగ్లీషు అక్షరాలతో ఒక పొట్టి పేరు ఉంటుంది. కాకినాడ టౌను పొట్టి పేరు సి.సి.టి. కాకినాడకు 'క' కదా, 'సి' ఎందుకొచ్చింది? ఇంగ్లీషువాళ్ళు కాకినాడను 'కోకనాడ' అనేవారు. ఇంగ్లీషులో ఆ పేరు 'సి' అక్షరంతో మొదలవుతుంది. ఊరి పేరు రాసే తీరు మారింది. పొట్టి పేరు మాత్రం పాతదే మిగిలింది.

రైలు గడియారం

స్టేషనులో బళ్ళ వేళలు రాసిన బోర్డు ఉంటుంది. దాన్ని చూసి చాలామంది తికమక పడతారు. 13, 17, 20 అని గంటలు ఉంటాయి. గడియారంలో 12 కదా ఉండేది?

రైలువాళ్ళు రోజుకు 24 గంటలు వరసగా లెక్కపెడతారు. మధ్యాహ్నం 12 తరువాత 1 అనరు, 13 అంటారు. అలా అంటే పగలా, రాత్రా అన్న సందేహం రాదు. లెక్క చాలా తేలిక. అంకె 12 కంటే పెద్దదయితే అందులోంచి 12 తీసెయ్యాలి.

13.00 అంటే మధ్యాహ్నం 1 గంట.
17.15 అంటే సాయంత్రం 5 గంటల 15 నిమిషాలు.
20.30 అంటే రాత్రి 8 గంటల 30 నిమిషాలు.

అర్ధరాత్రి 12 దాటితే తేదీ మారిపోతుంది. 00.20 అని ఉంటే అది రాత్రి 12 గంటల 20 నిమిషాలు. సోమవారం రాత్రి నిద్రపోకుండా బండి కోసం కూర్చుంటే, ఆ బండి తేదీ మంగళవారానిది. ఈ సంగతి తెలియక బండి పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

టిక్కెట్టు

టిక్కెట్టు కిటికీ దగ్గర ఊరి పేరు, ఎంతమందో స్పష్టంగా చెప్పాలి. పిల్లల వయసు కూడా చెప్పాలి. 5 ఏళ్ళు నిండని పిల్లలకు టిక్కెట్టు అక్కరలేదు. రిజర్వేషను లేని పెట్టెల్లో 5 ఏళ్ళు నిండి 12 లోపు ఉన్న పిల్లలకు అర టిక్కెట్టు.

టిక్కెట్టు చేతికి రాగానే కిటికీ దగ్గరే చదువుకోవాలి. నాలుగు సంగతులు చూడాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి? పెద్దవాళ్ళు ఎంతమంది, పిల్లలు ఎంతమంది? తేదీ, వేళ సరిగ్గా ఉన్నాయా? డబ్బు ఎంత? ఎంత ఇచ్చారు, ఎంత తిరిగి రావాలి అన్నది అక్కడే లెక్కపెట్టుకోవాలి. "వెనకాల జనం ఉన్నారు, తప్పుకోండమ్మా" అని ఎవరైనా అంటే, "ఒక్క నిమిషం ఆగు బాబూ, చూసుకోనీ" అనడంలో తప్పు లేదు.

199 కిలోమీటర్ల లోపు ఊరికి రిజర్వేషను లేని టిక్కెట్టు ముందు రోజే కొని దాచుకోకూడదు. కొన్న 3 గంటల్లోగా ప్రయాణం మొదలుపెట్టాలి. 3 గంటల్లో ఆ ఊరికి బండి లేకపోతే, తరువాత వచ్చే మొదటి బండి ఎక్కాలి.

టిక్కెట్టు లేకుండా ఎక్కితే చార్జీ కాక, కనీసం 250 రూపాయల జరిమానా కట్టాలి. దిగేదాకా టిక్కెట్టు పారెయ్యకూడదు. కొంగున ముడి వేసుకున్నా సరే, జాగ్రత్తగా ఉంచుకోవాలి.

టిక్కెట్టుకు ఇంకో విలువ ఉంది. ఆ స్టేషనుకు ఎంతమంది వస్తున్నారో రైల్వేవాళ్ళకు తెలిసేది టిక్కెట్ల లెక్క వల్లే. పదిమంది టిక్కెట్టు లేకుండా ఎక్కితే, ఆ పదిమందీ లెక్కలో లేనట్టే. "ఇక్కడ జనమే లేరు, బండి ఎందుకు?" అని అడిగితే ఊరికి జవాబు ఉండదు.

చిన్న స్టేషనులో ఉండే వసతులు

స్టేషనులన్నీ ఒకేలా ఉండవు. కొన్నిచోట్ల స్టేషను మాస్టరు ఉంటాడు. బళ్ళను పంపడం, ఆపడం ఆయన చూస్తాడు. కొన్నిచోట్ల ఆయన ఉండడు. అలాంటి వాటిలో హాల్టులు ఒక రకం. చాలా హాల్టుల్లో టిక్కెట్లు అమ్మేది రైల్వే ఉద్యోగి కాదు. కమీషను మీద పనిచేసే ఏజెంటు.

ఎంత చిన్న స్టేషను అయినా ప్రయాణికులకు కొన్ని వసతులు ఉండాలి. టిక్కెట్టు ఇచ్చే చోటు ఉండాలి. నిలబడడానికి ప్లాట్‌ఫారం, ఎండకూ వానకూ నీడ ఉండాలి. రాత్రి బండి ఆగే చోట దీపాలు ఉండాలి. కొంచెం పెద్ద స్టేషనుల్లో మంచినీళ్ళు, బెంచీలు, మరుగుదొడ్డి, కూర్చునే గది ఉంటాయి. ఇవి ఎవరో దయతో ఇచ్చేవి కావు. ప్రజల డబ్బుతో ఏర్పాటు చేసేవి.

చాలా చిన్న స్టేషనుల్లో ప్లాట్‌ఫారం ఎత్తు తక్కువ. బండి మెట్టు పైన ఉంటుంది. బండి పూర్తిగా ఆగాకే ఎక్కాలి. ముందు పిల్లలను ఎక్కించాలి, తరువాత మూటలు. కదిలే బండి ఎక్కకూడదు. దగ్గరని పట్టాలు దాటకూడదు. అది ప్రాణానికి ముప్పు, చట్ట ప్రకారం నేరం కూడా.

ఆడవాళ్ళకు చట్టం ఇచ్చిన రక్షణ

1989 రైల్వే చట్టంలో ఆడవాళ్ళ కోసం కొన్ని మాటలు రాశారు.

ప్రయాణికుల బండిలో ఆడవాళ్ళకు చోటు కేటాయించాలని ఆ చట్టం చెబుతుంది. ఆడవాళ్ళ పెట్టె అని రాసి ఉన్నచోట మగవాళ్ళు ఎక్కితే శిక్ష ఉంది. 12 ఏళ్ళ లోపు మగపిల్లలు తల్లితో రావచ్చు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. మగతోడు లేని ఆడమనిషి దగ్గర టిక్కెట్టు లేదనుకోండి. పోగొట్టుకుని ఉండవచ్చు. ఆమెను రాత్రిపూట బండిలోంచి దింపెయ్యడానికి వీల్లేదు. పగటిపూట కూడా ఎక్కడపడితే అక్కడ దింపకూడదు. ఆమె ఎక్కిన స్టేషనులో గాని, జంక్షనులో గాని, బండి ఆఖరి స్టేషనులో గాని, జిల్లా కేంద్రంలో గాని మాత్రమే దింపాలి. జరిమానా మాత్రం కట్టాల్సిందే. కాని చీకట్లో, తెలియని హాల్టులో ఆమెను వదిలెయ్యకూడదు. ఇది చట్టం.

బండిలో ఎవరైనా అల్లరి పెట్టినా, సామాను పోయినా, ఒంట్లో బాగా లేకపోయినా ఫోనులో 139 నంబరుకు చెప్పాలి. బళ్ళ వేళలు కూడా ఈ నంబరులో అడగొచ్చు. కోటిపల్లి లాంటి చిన్న మార్గానికి బయలుదేరే ముందు ఈ నంబరుకు ఫోను చేసి బండి ఉందో లేదో తెలుసుకుంటే మంచిది.

అడగడానికి కాగితం చాలు

1940లో పట్టాలు పీకేటప్పుడు కోటిపల్లి ఆడవాళ్ళను ఎవరూ అడగలేదు. అప్పట్లో రాయడం, చదవడం వచ్చిన ఆడవాళ్ళు చాలా తక్కువ. అర్జీ రాసే చెయ్యి కూడా అరుదు.

ఇప్పుడు అలా కాదు. నీళ్ళు లేవు, దీపం లేదు, బండి ఆగింది అంటే ఊరివాళ్ళు రాసి అడగొచ్చు. స్టేషనులో ఫిర్యాదు పుస్తకం ఉంటుంది. అది అడిగితే ఇవ్వాలి. అందులో తేదీ వేసి, సంగతి రాసి, సంతకం చెయ్యాలి.

పై అధికారికి అర్జీ పెట్టాలంటే ఇలా రాయవచ్చు:

"డివిజనల్ రైల్వే మేనేజరు గారికి, విజయవాడ.
అయ్యా,
మా ఊరి స్టేషనులో రాత్రి బండికి దిగే ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు. ప్లాట్‌ఫారం మీద దీపాలు వెలగడం లేదు. చీకట్లో దిగడం కష్టంగా ఉంది. దీపాలు బాగు చేయించమని కోరుతున్నాము.
ఇట్లు,
గ్రామ మహిళలు."

కింద అందరూ సంతకాలు చెయ్యాలి. మీ స్టేషను వేరే డివిజనులో ఉంటే ఆ ఊరి పేరు రాయాలి. అర్జీకి నకలు ఒకటి దగ్గర పెట్టుకోవాలి.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. "మా దారిలో బండి ఎందుకు ఆపారు? మళ్ళీ ఎప్పుడు నడుపుతారు?" అని ఈ చట్టం కింద రైల్వేను అడగొచ్చు. దరఖాస్తుకు 10 రూపాయలు కట్టాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్ళు ఆ డబ్బు కట్టక్కరలేదు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు వచ్చినంత మాత్రాన బండి రాదు. కాని కారణం తెలుస్తుంది. కారణం తెలిస్తే తరువాత ఏమి చెయ్యాలో తెలుస్తుంది.

కోటిపల్లికి రైలు ఒకసారి తిరిగి వచ్చింది. ఊరికే రాలేదు. అడిగినవాళ్ళు ఉన్నారు కనుక వచ్చింది. స్టేషను చిన్నదే కావచ్చు. ఆసుపత్రికి వెళ్ళే బాలింతకు, కాలేజీకి వెళ్ళే ఆడపిల్లకు, కూరగాయల బుట్టతో బయలుదేరే అమ్మకు అదే పెద్ద దారి. ఆ దారిని వాడుకోవాలి. కాపాడుకోవాలి. పోతే అడగాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. కోటిపల్లి రైలుమార్గాన్ని 1940లో ఎందుకు తీసేశారు?
2. బోర్డు మీద 18.40 అని ఉంది. అంటే ఎన్ని గంటలు?
3. మీకు దగ్గరలో ఉన్న స్టేషనులో ఏ వసతులు ఉన్నాయి? ఏవి లేవు?
4. లేనిదాని కోసం అందరూ కలిసి ఒక అర్జీ రాయండి. సంతకాలు చెయ్యండి.